ట్రాక్ డే కోసం స్పోర్ట్స్ కారు టైర్ల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాక్ డేకి (మన సొంత కారును రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజుకు) సిద్ధమయ్యేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ‘ఏ టైరు మంచిది?’ అని. ‘గాలి ఎంత పెడుతున్నారు, ఎప్పుడు కొలుస్తున్నారు?’ అని నేను తిరిగి అడుగుతాను. గాలి, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి లోపలికో బయటికో వాలే కోణం) సరిగ్గా ఉన్న మధ్యరకం టైరు రోజంతా నమ్మకంగా పరిగెడుతుంది. అవి కుదరని ఖరీదైన టైరు మధ్యాహ్నానికే అంచులు ఊడి కూర్చుంటుంది. కింది జవాబులన్నిటికీ ఇదే మూలం.

మొదటి ట్రాక్ డేకి కొత్త టైర్లు కొనాలా?

చాలామందికి అవసరం లేదు. కారుకు ఇప్పటికే మంచి సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైర్లు ఉన్నాయా? వాటి ట్రెడ్ (నేలను తాకే గాడుల పొర) సగానికి పైగా మిగిలి ఉందా? అరుగుదల అంతటా సమానంగా ఉండి, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద ఉబ్బులు, పగుళ్లు లేవా? అయితే వాటితోనే వెళ్లండి.

ఇది డబ్బు ఆదా కోసం ఇస్తున్న సలహా కాదు. ఇలాంటి టైరు పట్టు కోల్పోయే ముందు గట్టిగా కీచుమంటుంది, మెల్లగా జారుతుంది, స్టీరింగు తేలికపడినట్టు చేతులకు తెలుస్తుంది. ఇదంతా తక్కువ వేగంలోనే జరుగుతుంది కాబట్టి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. గాడులు తక్కువగా, రబ్బరు మెత్తగా ఉండే సెమీ స్లిక్ టైరుకు పట్టు చాలా ఎక్కువ. అయితే అది జారే సమయానికి కారు కూడా చాలా వేగంలో ఉంటుంది, ముందస్తు హెచ్చరిక తక్కువ. డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో మాట్లాడే టైరు కావాలి.

మిగిలిన డబ్బును కొత్త బ్రేకు ఫ్లూయిడ్, మంచి బ్రేకు ప్యాడ్లు, పక్కన కూర్చుని నేర్పే శిక్షకుడు, గాలి కొలిచే నికార్సయిన గేజి మీద పెట్టండి.

ఆల్ సీజన్ టైర్లతో మాత్రం వెళ్లవద్దు. వాటి ట్రెడ్ దిమ్మెల్లో సన్నని కోతలు ఉంటాయి. మలుపుల్లో ఆ దిమ్మెలు వంగి, వేడెక్కి, ముక్కలుగా లేచిపోతాయి.

ట్రాక్ డేకి పనికొచ్చే టైర్లలో రకాలు ఏమిటి?

స్థూలంగా నాలుగు మెట్లు అనుకోవచ్చు. మొదటిది రోజువారీ వాడకానికీ పనికొచ్చే సమ్మర్ పెర్ఫార్మెన్స్ టైరు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ, దాని ట్రెడ్‌వేర్ అంకె (ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పేది) 300. రెండో మెట్టు 200 అంకె ఉన్న టైర్లది. బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా ఆర్ఈ-71ఆర్ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052 లాంటివి ఇక్కడ వస్తాయి. రోడ్డు మీద నడపవచ్చు గానీ వీటి మనసంతా ట్రాక్ మీదే ఉంటుంది. మూడోది సెమీ స్లిక్. టోయో ఆర్888ఆర్ (అంకె 100) ఈ కోవలోది. గాడులు తక్కువ, రబ్బరు మెత్తన. చివరిది పూర్తి రేసు టైరు. స్లిక్కులకు గాడులే ఉండవు, రోడ్డు మీద వాటికి అనుమతి ఉండదు. హూసియర్ ఆర్7 లాంటివాటికి రెండు సన్నని గాడులు, 40 అంకె ఉన్నా అవీ నిజానికి రేసు కోసమే పుట్టినవి.

2021లో మాంతై సంస్థ ట్రాక్ కిట్ అమర్చిన పోర్షె 911 జీటీ2 ఆర్ఎస్ కారు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ ట్రాక్ పూర్తి చుట్టును 6 నిమిషాల 43.3 సెకన్లలో ముగించింది. దానికి వేసినవి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఆర్ టైర్లు. ఇలాంటి రికార్డులు చూసి టైరు ఎంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ల్యాపు ఒక్క చుట్టు కోసం ప్రతి వివరమూ సిద్ధం చేసుకుని కొట్టినది. మీకు కావలసింది రోజుకు ఐదారు సెషన్లు, ఒక్కో సెషన్‌లో పదిహేను ఇరవై నిమిషాలు ఒకేలా నిలబడే టైరు.

ట్రెడ్‌వేర్ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు బాగానే పనికొస్తుంది. వేర్వేరు కంపెనీల మధ్య పోలికకు అంతగా పనికిరాదు.

ఇది అమెరికా ప్రభుత్వం తెచ్చిన కొలత. టెక్సాస్‌లో నిర్దేశించిన 400 మైళ్ల రోడ్డు మీద కార్ల బృందం 7,200 మైళ్లు తిరుగుతుంది. అక్కడ ప్రామాణిక టైరుతో పోల్చి అరుగుదల లెక్కిస్తారు. ప్రామాణిక టైరుకు 100 అనుకుంటే, దానికి రెట్టింపు కాలం మన్నేదానికి 200. అంకెను టైరు మీద వేసేది మాత్రం తయారీదారే. పైగా ఇదంతా మామూలు రోడ్డు మీది అరుగుదల. ట్రాక్ మీది పట్టు గురించి ఆ అంకె నేరుగా ఏమీ చెప్పదు. 200 అంకె ఉన్న రెండు టైర్లలో ఒకటి రెండో ల్యాపుకే వేడెక్కి అద్భుతంగా పట్టి ఆరో ల్యాపుకు జిగురులా మెత్తబడవచ్చు, మరొకటి మెల్లగా మేల్కొని చివరిదాకా అలాగే ఉండవచ్చు. కాబట్టి ఎవరైనా ‘ఇది చాలా వేగమైన టైరు’ అంటే ‘ఎన్ని ల్యాపుల పాటు?’ అని అడగండి.

అయితే నేను ఏది ఎంచుకోవాలి?

ముందుగా మీ కారు బరువు చూడండి. 1,100 కిలోల చిన్న కారు మెత్తని టైరును కూడా చల్లగా ఉంచగలదు. 1,700 కిలోల శక్తిమంతమైన కారు అదే టైరును మూడు ల్యాపుల్లో మసాలా నూరినట్టు నూరేస్తుంది. బరువైన కారుకు వేడిని తట్టుకునే, సైడ్‌వాల్ గట్టిగా ఉన్న టైరే సరి.

తర్వాత, ట్రాక్‌కు అవే టైర్ల మీద వెళ్లి అవే టైర్ల మీద తిరిగి వస్తారా అన్నది. వస్తారంటే దారిలో వాన పడే అవకాశాన్ని లెక్కలో వేసుకోవాలి. విడిగా ఒక జత చక్రాలు మోసుకెళ్లే వీలుంటే ఎంపిక విశాలమవుతుంది.

ఏడాదికి రెండు మూడు ట్రాక్ డేలు, మిగతా రోజుల్లో మామూలు వాడకం అయితే మొదటి మెట్టు టైరు చాలు. నెలకోసారి వెళ్తూ, ల్యాపు సమయాలు నిలకడగా వస్తుంటే 200 అంకె టైరుకు మారండి. నా దృష్టిలో స్పోర్ట్స్ కారు ఉన్న చాలామంది అక్కడే ఆగిపోవచ్చు. సెమీ స్లిక్ వేస్తే పట్టుతో పాటు సస్పెన్షన్, చక్రాల బేరింగులు, బ్రేకుల మీద భారమూ పెరుగుతుంది. మలుపుల్లో నూనె ఒక పక్కకు ఒరిగి ఇంజన్‌కు అందకపోయే ప్రమాదం కొన్ని కార్లలో ఉంది. టైరు మార్చాక కారులో ఇంకేమి మార్చాల్సి వస్తుందో కూడా ఆలోచించుకుని దిగండి.

ఇంకా వెడల్పు టైరు వేస్తే పట్టు పెరుగుతుందా?

రిమ్ము వెడల్పు సరిపోతేనే. 245/40 ఆర్18 టైరుకు (245 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 40 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము) సాధారణంగా 8 నుంచి 9.5 అంగుళాల వెడల్పు రిమ్ము వాడవచ్చు. 265/35 ఆర్18 టైరుకు 9 నుంచి 10.5 అంగుళాలు కావాలి. 8.5 అంగుళాల రిమ్ముకు 265 ఎక్కిస్తే సైడ్‌వాల్ లోపలికి ముడుచుకుని, మలుపులో టైరు పక్కకు ఒరుగుతుంది. స్టీరింగు తిప్పాక కారు కదలడానికి ఒక క్షణం తీసుకుంటుంది. వెడల్పు వల్ల వచ్చిన లాభం అక్కడే పోతుంది.

చుట్టుకొలత కూడా చూసుకోవాలి. 245/40 ఆర్18 ఎత్తు సుమారు 653 మిల్లీమీటర్లు, 265/35 ఆర్18 ఎత్తు సుమారు 643. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కార్లలో ముందు వెనక టైర్ల ఎత్తుల నిష్పత్తి మారకూడదు, మారితే డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే భాగం) అరుగుతుంది. లోడ్ ఇండెక్స్ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు: 93 అంటే టైరుకు 650 కిలోలు, 97 అంటే 730 కిలోలు. వేగం అక్షరం సంగతి కూడా అంతే. డబ్ల్యూ గంటకు 270 కిలోమీటర్ల దాకా, వై 300 దాకా.

గాలి ఎంత పెట్టాలి?

ఈ ఒక్క ప్రశ్నకు నిదానంగా జవాబు చదవండి. మిగతావన్నీ మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలు.

తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న అంకె చల్లని టైరుకు, రోడ్డు మీది వాడకానికి. ట్రాక్ మీద టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. 25 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టారనుకుందాం. లోపలి గాలి 85 డిగ్రీలకు చేరితే అది దాదాపు 39 అవుతుంది. గాలి అంత పెరిగితే టైరు మధ్యభాగం ఉబ్బుతుంది, నేలను తాకే భాగం తగ్గుతుంది, కారు మంచు మీద ఉన్నట్టు తేలుతుంది. కొత్తవాళ్లు దాన్ని ‘టైర్లు అయిపోయాయి’ అనుకుంటారు.

అందుకే మనం చూడవలసింది వేడి మీద ఉన్న అంకె. చాలా స్పోర్ట్స్ కార్లకు, 200 అంకె టైర్లకు వేడి మీద 32 నుంచి 36 పీఎస్ఐ మంచి ప్రారంభం. తయారీదారు ట్రాక్ వాడకానికి ప్రత్యేకంగా అంకె ఇచ్చి ఉంటే దాన్నే పట్టుకోండి. పై లెక్క ప్రకారమే వేడి మీద 35 కావాలంటే పొద్దున చల్లగా 27 దగ్గర మొదలుపెట్టాలి. కానీ మొదటి రెండు ల్యాపులు నెమ్మదిగా వెళ్లాలి. అంత తక్కువ గాలితో చల్లని టైరు సైడ్‌వాల్ మీద ఒరుగుతుంది.

నేను చేసే పద్ధతి ఇది. ట్రాక్ నుంచి రాగానే, హెల్మెట్ తీయకముందే, గేజి తీసుకుని నాలుగు టైర్లూ ఒకే వరుసలో కొలుస్తాను. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. అంకెలు ఒక చిన్న పుస్తకంలో గాలి ఉష్ణోగ్రతతో సహా రాస్తాను. ఎక్కువ ఉన్నచోట అప్పటికప్పుడు గాలి వదులుతాను. ట్రాక్‌లో కుడి మలుపులు ఎక్కువుంటే బరువంతా ఎడమ వైపు పడి ఆ టైర్లు ఎక్కువ వేడెక్కుతాయి, కాబట్టి చల్లగా ఉన్నప్పుడు నాలుగింటికీ ఒకే అంకె ఉండదు. దానికి కంగారు పడవద్దు. ఐదు నిమిషాలు ఆలస్యం చేస్తే అంకెలు పడిపోతాయి, ఆ కొలత దేనికీ పనికిరాదు.

సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ రోడ్డు అంకెకు గాలి నింపడం మరవకండి. ట్రాక్‌లో వదిలిన గాలి టైరు చల్లబడ్డాక ప్రమాదకరంగా తక్కువవుతుంది.

నైట్రోజన్ నింపించాలా?

నింపించవచ్చు, తప్పనిసరి మాత్రం కాదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేడా తెచ్చేది ప్రధానంగా గాలిలోని తేమ. పొడి గాలి ఇచ్చే కంప్రెసర్ దొరికితే చాలు.

బయటి అంచు మాత్రమే అరిగిపోతోంది. టైరు లోపమా?

దాదాపు ఎప్పుడూ కాదు. ఒక కొత్త జత టైర్లు బలయ్యాక నేను ఈ పాఠం నేర్చుకున్నాను. నా మొదటి 200 అంకె టైర్లు వేసుకుని, కారు అలైన్‌మెంట్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచి వెళ్లాను. మూడో సెషన్ తర్వాత ముందు ఎడమ టైరు అంచు మీద వేలు పెట్టి చూస్తే రబ్బరు ఒకవైపు నున్నగా, మరోవైపు రంపపు పళ్లలా తగిలింది. సైడ్‌వాల్ మీద ఉన్న చిన్న త్రికోణం గుర్తు దాటి కింది దాకా ఒరిపిడి మరకలున్నాయి. ఇంకొక్క సెషన్ అనుకుని వెళ్లాను. తిరిగొచ్చేసరికి అంచులో రబ్బరు కింద ఉండే తెల్లని తీగలు బయటపడ్డాయి. మిగతా ట్రెడ్ కొత్తదానిలాగే ఉంది.

రోడ్డు కార్లలో ముందు చక్రాల నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) సాధారణంగా ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది. మలుపులో కారు ఒరిగినప్పుడు, ముఖ్యంగా మాక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉన్నవాటిలో, బయటి చక్రం బయటకు వాలి బరువంతా అంచు మీద పడుతుంది. ట్రాక్ వాడకానికి ముందు చక్రాలకు 2.5 నుంచి 3.5 డిగ్రీల దాకా నెగటివ్ క్యాంబర్ పెడతారు. మీ కారులో సర్దుబాటుకు వీలు లేకపోతే క్యాంబర్ ప్లేట్లు గానీ వేరే బోల్టులు గానీ కావాలి. వాటి ఖర్చు ఒక జత టైర్ల కంటే ఎక్కువ అనిపిస్తే, ఒక సీజన్‌లో ఎన్ని జతలు పారేస్తారో లెక్క వేసుకోండి.

ఆ త్రికోణం గుర్తును రోజూ చూడండి. ఒరిపిడి దాన్ని దాటిందంటే గాలి తక్కువైనా అయి ఉండాలి, క్యాంబర్ తక్కువైనా అయి ఉండాలి.

టైరు వేడి కొలవాలా?

వీలైతే తప్పక. సూది గుచ్చే పైరోమీటర్ కొనండి. దూరం నుంచి చూపించే ఇన్‌ఫ్రారెడ్ పరికరం పైపొర వేడినే చెబుతుంది, ఆ పొర క్షణాల్లో చల్లబడుతుంది. లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్లా కొలవండి. మధ్యభాగం రెండు అంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. బయటి అంచు వేడెక్కితే క్యాంబర్ చాలలేదు. లోపలి అంచు ఐదు నుంచి పది డిగ్రీలు ఎక్కువ ఉండటం సహజమే, నేరుగా వెళ్లేటప్పుడు బరువు అక్కడే పడుతుంది కాబట్టి.

కొత్త టైర్లతో మొదటి సెషన్‌లోనే పూర్తి వేగంతో వెళ్లవచ్చా?

వద్దు. కొత్త టైరు ట్రెడ్ ఎత్తుగా ఉంటుంది, దిమ్మెలు కదులుతాయి, ఆ కదలిక వేడి పుట్టిస్తుంది. ఎక్కువ వేడెక్కితే ముక్కలు లేచిపోతాయి. మొదటి సెషన్‌లో వేగం కొద్దికొద్దిగా పెంచి, టైరు బాగా వేడెక్కాక బయటకు వచ్చి పూర్తిగా చల్లారనివ్వండి. రేసు రబ్బరుకు ఆ తర్వాత ఒక రోజు విశ్రాంతి ఇస్తే ఇంకా మంచిది, రబ్బరు నిర్మాణం స్థిరపడుతుంది. కొందరు ఇందుకే కొత్త ట్రెడ్‌ను ముందే మూడు నాలుగు మిల్లీమీటర్లకు చెక్కించుకుంటారు. డబ్బు పారేసినట్టు కనిపిస్తుంది గానీ పొడి ట్రాక్ మీద పలుచని ట్రెడ్ ఎక్కువ స్థిరంగా ఉంటుంది.

ట్రెడ్ ఇంకా ఉంది, కానీ పట్టు తగ్గింది. ఎందుకు?

వేడెక్కడం, చల్లారడం జరిగిన ప్రతిసారీ రబ్బరు కాస్త గట్టిపడుతుంది. మెత్తని రేసు రబ్బరులో ఈ మార్పు త్వరగా తెలుస్తుంది, 300 అంకె టైరులో నెమ్మదిగా. అందుకే ఎన్ని ట్రాక్ డేలు వస్తాయన్నదానికి ఒకే అంకె చెప్పలేం. ట్రెడ్ లోతుతో పాటు ఎన్ని సెషన్లు నడిచిందో ఆ చిన్న పుస్తకంలోనే రాసుకోండి. ల్యాపు సమయాలు పెరగడం మొదలైన సెషన్ ఏదో మీకే కనిపిస్తుంది. మీ కారుకు, మీరు నడిపే తీరుకు అదే నిజమైన లెక్క.

ఒకవేళ పట్టు ఒక్కసారిగా పోయి టైరు మీద రబ్బరు ఉండలు అంటుకుని కనిపిస్తే, అది గట్టిపడటం కాదు. చివరి ల్యాపులో ట్రాక్ అంచున పడి ఉన్న రబ్బరు తుంపుల మీదుగా వచ్చారన్నమాట. రెండు ల్యాపుల్లో అవి ఊడిపోతాయి.

తక్కువ ధరకు పాత స్టాకు టైర్లు దొరుకుతున్నాయి. తీసుకోవచ్చా?

సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఏడాది, రెండేళ్ల నాటివైతే, నీడలో చల్లగా నిల్వ చేసి ఉంటే పర్వాలేదు. ఐదేళ్లు దాటినవాటితో ట్రాక్ మీదికి నేనైతే వెళ్లను. ఎవరో వాడేసిన సెమీ స్లిక్కులు కూడా అంతే. వాటి మీద ఎన్ని సెషన్లు నడిచాయో, ఎప్పుడైనా కాలిబాట రాళ్లను గుద్దాయో చూసి తెలుసుకోలేం.

పంక్చర్ వేసిన టైరుతో వెళ్లవచ్చా?

వెళ్లవద్దు. రోడ్డు మీద అది సురక్షితమే కావచ్చు, గంటకు 200 కిలోమీటర్ల వేగంతో బ్రేకు కొట్టే చోట దాన్ని పరీక్షించకూడదు.

వెనక రెండు మాత్రమే మార్చవచ్చా?

అదే మోడల్, అదే రబ్బరు అయితే మార్చవచ్చు. ముందు ఒక రకం, వెనక ఇంకో రకం వద్దు. వెనక పట్టు తక్కువైతే మలుపు మధ్యలో కారు తిరిగిపోతుంది. ముందు తక్కువైతే స్టీరింగు తిప్పినా నేరుగా పోతుంది. మొదటిది మరీ భయంకరం.

ఎన్0, నక్షత్రం లాంటి గుర్తులు ముఖ్యమా?

పోర్షె తన కార్ల కోసం సర్దుబాటు చేయించిన టైర్లకు ఎన్0, ఎన్1 వంటివి, బీఎండబ్ల్యూ నక్షత్రం, మెర్సిడెస్ ఎంఓ గుర్తు వేయిస్తాయి. పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణం వేరుగా ఉండవచ్చు. వారంటీ ఉన్న కారుకు గుర్తున్నవే వాడండి. ఏది వాడినా నాలుగూ ఒకే గుర్తువి కావాలి.

సెమీ స్లిక్కులతో వానలో చిక్కుకుంటే?

ట్రాక్ మీద అయితే వెంటనే లోపలికి వచ్చేయండి. తడి రోడ్డు కంటే నిలిచిన నీరు ప్రమాదం. గాడులు తక్కువ కాబట్టి నీటిని పక్కకు తోయలేక టైరు పైకి తేలుతుంది. ఇంటిదారిలో అయితే వేగం బాగా తగ్గించండి, చక్రాలు వెళ్లి వెళ్లి గుంటలు పడిన జాడల్లో నీరు నిలుస్తుంది కాబట్టి వాటిని తప్పించి నడపండి. చల్లని వాన మరీ కష్టం. మెత్తని ట్రాక్ రబ్బరు ఏడు డిగ్రీల లోపు ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది.

సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఏమి చూడాలి?

గాలి కొలిచాక, టైరు చుట్టూ అరచేయి తిప్పండి, లోపలి అంచు కూడా తగిలేలా. లోపలి అంచు కంటికి కనబడదు, నెగటివ్ క్యాంబర్ పెట్టిన కార్లలో తీగలు అక్కడే ముందు బయటపడతాయి. చక్రం నట్లను కారు పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో, చక్రాలు కాస్త చల్లారాక చూడండి. మొదటి సెషన్ తర్వాత వదులవడం నేను చాలాసార్లు చూశాను. కారు నిలిపినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో ఉంచి, చక్రం కింద అడ్డు పెట్టండి. వేడి మీద ఉన్న ప్యాడ్లు డిస్కులకు అతుక్కుంటాయి.

సీజన్ అయ్యాక ఎలా దాచాలి?

శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, ఎండ తగలని చోట నల్లని సంచుల్లో కట్టిపెట్టండి. ఎలక్ట్రిక్ మోటార్ల పక్కన వద్దు, అవి పుట్టించే ఓజోన్ రబ్బరుకు పగుళ్లు తెస్తుంది. గడ్డకట్టే చలిలో మెత్తని రబ్బరును కదపవద్దు, వంచవద్దు, బీటలు వారుతుంది. ఏ టైరు ఏ మూలదో సుద్దముక్కతో లోపలి వైపు రాసి, ఎన్ని సెషన్లు నడిచిందో ఆ అంకె కూడా పక్కనే వేయండి.